మూడు పౌనులు

మన పెద్దలు పురుషార్థములను నాలుగుగా చెప్పి, వానిలో అర్థమునకు ముందు ధర్మమును నిలిపిరి. ఈ వరుస ఊరకే ఏర్పడినది కాదని గుడిలోని తెలుగు తరగతిలో మా పంతులుగారు చెప్పుచుండిరి. నేనప్పుడు పలకమీద ఒత్తులు దిద్దుకొనుచున్న పిల్లను. ఆ మాటలోని లోతు నాకు అందలేదు. తరువాత బడిపంతులమ్మనై, ముప్పది సంవత్సరములుగా ఇంగ్లీషులో అర్థశాస్త్రమును బోధించుచున్నాను. ఆ పాఠ్యగ్రంథములలో అర్థము పుటపుటకును కనబడును. ధర్మమన్న మాట వెదకినను దొరకదు. కావున పంతులుగారి మాట ఈ నడుమ తఱచుగా జ్ఞాపకము వచ్చుచున్నది.

ప్రశ్న మిక్కిలి చిన్నది. పని చేసినవానికి ఇయ్యవలసిన కూలి ఎంత? అతడు ఎంతకు ఒప్పుకొనునో అంతయా? బ్రదుకుటకు ఎంత కావలయునో అంతయా? లేక యజమాని మంచితనము ఎంత ఇయ్యమనునో అంతయా? చెఱకు తోటల కూలివారి సంతతియైన మనము ఈ ప్రశ్నను పండితులకు విడిచిపెట్టి ఊరకుండుటకు వీలులేదు.

నన్ను ఈ వ్యాసము వ్రాయుటకు పురికొల్పినది ఒక చిన్న సంగతి. గడచిన సంవత్సరము, నేను సభ్యురాలనుగా నున్న ఒక సంఘములో ఆదాయ వ్యయముల లెక్క చూచుచుండగా, హాలు ఊడ్చి పాత్రలు కడుగు స్త్రీ యొక్క జీతము ప్రస్తావనకు వచ్చెను. ఆమె జూలూ స్త్రీ. చాల కాలమునుండి మా యొద్ద పనిచేయుచున్నది. ఒక యువకుడు, "ఈ జీతముతో ఆమెకు గడచునా?" అని అడిగెను. చట్టము చెప్పిన దానికి తక్కువ లేదని కోశాధికారి చెప్పెను. అంతట ఒక పెద్దాయన, "బాబూ, ఆమె ఒప్పుకొనియే చేయుచున్నది గదా! ఆమె వద్దనిన గేటు బయట పదిమంది నిలిచియున్నారు" అనెను. ఎవరును బదులు చెప్పలేదు. కోశాధికారి తరువాతి పద్దు చదివెను.

నేనును మాటాడలేదు. ఆ పెద్దాయన కఠినుడు కాడు; ఎందఱో పిల్లల చదువులకు గుప్తముగా ధనమిచ్చినవాడు. ఆయన పలికినది తన మాట కాదు, ఒక సిద్ధాంతము. తరగతిలో నల్లబల్లమీద రెండు గీతలు అడ్డముగా గీచి నేను బోధించునదియు ఆ సిద్ధాంతమే. అందువలననే నా నోరు పెగలలేదు.

ఆ సిద్ధాంతపు పుట్టుక మన పుట్టుకతో ముడిపడియున్నది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి వచ్చి డర్బను రేవులో నిలిచెనని మనలో ఎఱుగనివారు లేరు. అప్పటినుండి 1911 వఱకు 1,52,000కు మించిన జనము ఒప్పందపు కూలికి నేటాలు చేరిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఓడ యెక్కినవారు. విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాడు మొదలగు జిల్లాలవారు. అదే సంవత్సరము ఆగస్టు మొదలు నవంబరు వఱకు లండనులో కార్న్‌హిల్ మాగజైను అను మాసపత్రికలో జాన్ రస్కిన్ అను కళావిమర్శకుడు నాలుగు వ్యాసములు ప్రకటించెను. నాలుగవ వ్యాసము అచ్చయిన నెలలోనే మన ఓడ రేవు చేరినది. ఆ వ్యాసములు చదివి పాఠకులు మండిపడగా, సంపాదకుడైన థాకరే అంతటితో వానిని నిలిపివేసెను. 1862లో అవి అన్‌టు దిస్ లాస్ట్ అను పేరుతో పుస్తకమైనవి.

అంత కోపమునకు కారణమేమి? ఆ కాలపు అర్థశాస్త్రజ్ఞుల మతములో కూలి అనునది యెవరును నిర్ణయించునది కాదు. దేశములోని మూలధనములో కూలికి కేటాయింపబడిన నిధి ఒకటి ఉండును. దానిని కూలివారి సంఖ్యచే భాగించిన వచ్చునదే కూలి. జనము పెరిగిన కూలి తగ్గును, తగ్గిన పెరుగును. ఇందులో దయకు గాని ద్వేషమునకు గాని చోటులేదు. భాగహారమునకు మనసుండదు గదా. రికార్డో ఈ త్రోవ చూపెను. జాన్ స్టూవర్ట్ మిల్ దీనిని విద్యార్థులు బట్టీపట్టదగిన రూపమునకు తెచ్చెను. సమ్మెకట్టి ఒకరు కూలి పెంచుకొన్నచో ఆ మేరకు మఱియొకరి కూలి తగ్గునని దీనినుండి తేల్చిరి. యజమానులకు ఇంతకంటె తీయని శాస్త్రము వేఱొకటి లేదు.

అయితే 1869లో మిల్ మహాశయుడే ఈ కూలినిధి సిద్ధాంతము నిలువదని బహిరంగముగా ఒప్పుకొనెను. తరగతిలో ఈ సంగతి చెప్పినపుడు పిల్లలు నమ్మరు. పుస్తకములు వ్రాయువారు కూడ తప్పు ఒప్పుకొందురా అని అడుగుదురు. అరుదుగా ఒప్పుకొందురని చెప్పుచుందును. అరుదైనందుననే కాబోలు, గురువు విడిచిన సిద్ధాంతమును శిష్యులు నేటికిని విడువలేదు.

రస్కిన్ వేసిన ప్రశ్న వేఱు. మనము వైద్యుని, మతాచార్యుని, సేనాపతిని వేలము పాడి తక్కువకు వచ్చినవానిని నియమింపము. వారి ప్రతిఫలము ముందే నిర్ణయమై యుండును. అందులో మంచివానిని ఎంచుకొందుము. అట్లయిన ఇటుకలు పేర్చువానికి మాత్రము వేలము ఎందులకు? మంచి పనివానికిని చెడ్డ పనివానికిని ఒకే కూలి ఉండవలెను, మంచివానికి పని దొరకవలెను, చెడ్డవానికి దొరకకూడదు. అంతే గాని చెడ్డవాడు సగము కూలికి వచ్చి మంచివానిని వెళ్లగొట్టు పద్ధతి న్యాయము కాదని ఆయన వాదము. పుస్తకపు పేరు బైబిలులోని యొక కథనుండి వచ్చినది. ద్రాక్షతోట యజమాని ఉదయమున వచ్చిన కూలికిని, ప్రొద్దుగ్రుంకునపుడు వచ్చిన కడపటి కూలికిని ఒకే దినకూలి ఇచ్చును. కడపటివానిని ఎవరును పిలువలేదు గనుక పని లేక నిలుచుండెను. వాని ఆకలి మాత్రము తక్కువది కాదు. ఇక్కడ ఒక మాట చెప్పుకొనవలెను. రస్కిన్ ద్రాక్షసారాయి వర్తకుని ఏకపుత్రుడు, తండ్రి సంపాదించిన ధనముతో తీరికగా ధర్మచింత చేసినవాడు. అందువలన ఆయన మాట అబద్ధము కాదు. కాని ఆకలిగొన్నవాడు ఆ మాటనే వేఱు విధముగా చెప్పును.

ఇక మనవారి కూలి సంగతి. ఒప్పందము ప్రకారము మొదటి యేట పురుషునికి నెలకు 10 షిల్లింగులు. ఏటేట ఒక షిల్లింగు పెరిగి అయిదవ యేట 14. స్త్రీకి అందులో సగము. తిండిగింజలును, లైను గదిలో తావును దానికి తోడు. చీటి లేనిదే తోట దాటుట నేరము. అయిదు సంవత్సరములు గడచిన పిదప మనవారు చేతనైన చోట నేల కౌలుకు తీసికొని కూరగాయలు పండించి, తట్ట నెత్తిన పెట్టుకొని ఇంటింటికి తిరిగి అమ్మిరి. కొందఱు చిన్న అంగళ్లు పెట్టిరి. ఇది తెల్లవారికి కంటగింపయ్యెను. కూలి కావలెను గాని కూలివాడు మనుష్యుడై ఊరిలో ఇల్లు కట్టుట వారికి వలదు. పది సంవత్సరములు ఇచట ఉండినవారికి తిరుగు ప్రయాణపు ఖర్చునకు బదులుగా సర్కారు భూమి ఇచ్చు ఏర్పాటు మొదట ఉండెను. అది దక్కినవారే కొద్దిమంది, ఆ హక్కును 1891లో కొట్టివేసిరి. 1895లో మఱియొక చట్టము చేసిరి. ఒప్పందము ముగిసిన పిదప తిరిగి స్వదేశము పోవలెను, లేదా మరల ఒప్పందములో చేరవలెను. ఈ రెండును కాదని స్వేచ్ఛగా ఉండదలచిన ఏటేట 3 పౌనుల పన్ను కట్టవలెను. మొదట వారు కోరినది 25 పౌనులు. హిందూదేశపు వైస్రాయి బేరమాడి 3కు దించెను. తరువాత పదునాఱేండ్ల మగపిల్లలకును పదుమూడేండ్ల ఆడపిల్లలకును కూడ దీనిని విస్తరించిరి.

లెక్క వేసి చూడుడు. భార్యాభర్తలు, ఈడువచ్చిన పిల్లలు ఇద్దఱు గల సంసారమునకు పన్ను ఏటికి 12 పౌనులు, అనగా 240 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగుల చొప్పున మగవాని సంవత్సరపు సంపాదన 168. సంపాదన అంతయు ధారపోసినను ఇంకను 72 షిల్లింగులు బాకీ. ఈ లెక్కను నేను ఎనిమిదవ తరగతి పిల్లలకు ఇత్తును. జవాబు వచ్చిన పిదప వారు తమ లెక్క తప్పినదేమోనని మరల వేసికొందురు.

ఈ పన్ను కేవలము దుర్బుద్ధిచే పుట్టినదనుకొనుట పొరపాటు. దీని వెనుకను ఒక అర్థశాస్త్రము కలదు. ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ అను ఇంగ్లీషువాడు 1829లో వలస రాజ్యములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఒక ధనికుని కూతురిని మోసగించి పెండ్లాడిన నేరమునకు న్యూగేటు చెరసాలలో నుండి దానిని వ్రాసెను; తాను చెరలోనుండి ఇతరుల స్వేచ్ఛకు వెల కట్టుట చిత్రమైన సంగతి. ఆయన చెప్పినదేమనగా, క్రొత్త దేశములో నేల విస్తారము, చవుక. కూలివాడు అక్కడ అడుగుపెట్టగానే తన నేల తాను దున్నుకొనును గాని పరులకు పనిచేయడు. అందుచేత ప్రభుత్వము నేలకు తగినంత వెల పెట్టి, కూలివాడు పెక్కు సంవత్సరములు కూలిచేసిన గాని దానిని కొనలేనట్లు చేయవలెను. కార్ల్ మార్క్స్ 1867లో తన పెట్టుబడి గ్రంథపు చివరి అధ్యాయమును ఈ సిద్ధాంతమునకే కేటాయించి, పీల్ అను దొర కథ చెప్పి నవ్వెను. ఆ దొర 50,000 పౌనుల సరుకును, 3,000 మంది శ్రామిక జనమును ఓడలలో ఎక్కించుకొని ఆస్ట్రేలియాకు పోయెను. దిగినంతనే వారందఱును ఎవరి త్రోవను వారు పోగా, దొరకు పక్క పరచుటకును నీళ్లు తెచ్చుటకును ఒక్కడు మిగులలేదు. యంత్రములు, ధాన్యము, ధనము అన్నియు వెంట తెచ్చెను. కూలి తప్ప వేఱు గతి లేని స్థితిని మాత్రము తీసికొనిరాలేకపోయెను.

నేటాలు చెఱకు దొరలు ఆ స్థితిని చట్టముతో తయారుచేసిరి. నేలకు వెల కట్టుటకు బదులు మనుష్యుని స్వేచ్ఛకే ఏటికి 3 పౌనులు వెల కట్టిరి. పన్ను వసూలగుట వారికి ముఖ్యము కాదు. కట్టలేకపోవుటయే ముఖ్యము. కట్టలేనివాడు మరల బొటనవ్రేలి ముద్ర వేసి తోటలోనికి పోవును. అప్పుడు ఎవరైన అడిగిన, "అతడు ఒప్పుకొనియే వచ్చెను గదా" అని చెప్పవచ్చును.

ఇప్పుడు ఇంకొక 3 పౌనుల కథ. 1904లో గాంధీగారు జొహాన్నెస్‌బర్గు నుండి డర్బనుకు రైలులో ప్రయాణమగుచుండగా స్నేహితుడైన పోలక్ ఒక పుస్తకమును చేతికిచ్చెను. అది రస్కిన్ పుస్తకమే. ప్రయాణము ఒక పగలు, ఒక రాత్రి. ఆయన పుస్తకమును క్రింద పెట్టలేదు, నిద్రపోలేదు. క్షురకుని పనికిని న్యాయవాది పనికిని విలువ ఒక్కటే అన్నది, శరీరశ్రమతో బ్రదుకుటయే బ్రదుకు అన్నది తన మనసునకు అంటినవని తరువాత వ్రాసికొనెను. న్యాయవాదిగా వేల పౌనులు ఆర్జించు మనుష్యునికి ఇది తేలిక పాఠము కాదు. కొలది దినములలోనే డర్బనుకు 14 మైళ్ల దూరమున ఫీనిక్సు వద్ద 100 ఎకరములు కొని, ఇండియన్ ఒపీనియన్ పత్రికను, దాని అచ్చుయంత్రమును అక్కడికి తరలించెను. అక్కడ సంపాదకునికిని, అక్షరములు కూర్చువానికిని, ఏ వర్ణమువానికైనను ఏ దేశమువానికైనను నెలకు ఒకే భత్యమని నిర్ణయించిరి. ఆ భత్యము 3 పౌనులు.

అందఱును ఒప్పుకొనలేదు. అచ్చుకూటములో కొందఱు ఈ సమానత్వము మాకు వలదని జీతగాండ్రుగానే మిగిలిరి. వారిని నేను తప్పుపట్టను. సంసారులకు ఆదర్శము అద్దె కట్టదు. ఆ మొత్తమును ఎంచుకొనునపుడు గాంధీగారి మనసులో పన్ను మెదలెనో లేదో గాని, ఒకే దేశమున, ఒకే కాలమున ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన నిలిచియుండెను. స్వేచ్ఛగా బ్రదుకుటకు మనుష్యుడు సర్కారుకు ఏటికి చెల్లింపవలసినవి 3 పౌనులు. సమానముగా బ్రదుకుటకు మనుష్యునికి నెలకు కావలసినవి 3 పౌనులు. మొదటి అంకెను వేక్‌ఫీల్డ్ శాస్త్రము నిర్ణయించినది, రెండవదానిని రస్కిన్ శాస్త్రము.

ఈ రెండింటికిని 1913లో పోరు వచ్చెను. 1912లో గోఖలేగారు ఈ దేశమునకు వచ్చి మంత్రులతో మాటాడి, పన్ను తొలగునని నమ్మి వెడలిరి. తొలగలేదు. హిందూ మహమ్మదీయ వివాహములు ఇచ్చట చెల్లవను న్యాయస్థానపు తీర్పు అదే సమయమున రాగా, స్త్రీలు కూడ పోరులో దిగిరి. అక్టోబరులో ట్రాన్స్‌వాల్ స్త్రీలు న్యూకాసిలు బొగ్గుగనులకు పోయి పన్ను సంగతి చెప్పగా కూలివారు పనిముట్లు క్రింద పెట్టిరి. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటి నడచిరి. దినమునకు వారి ఆహారము రొట్టె, కొంచెము చక్కెర. గాంధీగారిని నాలుగు దినములలో మూడు మార్లు నిర్బంధించిరి. గనుల ఆవరణములనే చెరసాలలుగా ప్రకటించి, అక్కడనే కూలివారిచే పనిచేయింప జూచిరి. ఆయన చెరలోనుండగా సమ్మె తీరమందలి చెఱకు తోటలకు పాకెను. మౌంట్ ఎడ్జికూంబు మొదలగు చోట్ల పోలీసుల చేతులలో కూలివారు ప్రాణములు విడిచిరి. తోటలలోని జనమునకు రస్కిన్ తెలియడు. వారికి తెలిసినది 3 పౌనులు. రస్కిన్ యజమాని హృదయమునకు విన్నవించుకొనెను. వీరు చేసిన విన్నపము యజమాని లెక్కల పుస్తకమునకు అందినది. 1914లో చట్టముచే పన్ను రద్దయ్యెను, పాత బాకీలును కొట్టివేయబడెను.

ఇంతవఱకు మనము ప్రతి సంవత్సరము సభలలో వినునదే. వినరానిది ఒకటి కలదు. ఆ సమ్మెలో కూలి పెంచుమని కోరలేదు. కోరిక పన్ను తొలగింపు మాత్రమే. అది తీరగానే అవే తోటలకు, అవే షిల్లింగులకు జనము తిరిగిపోయిరి. సత్యాగ్రహములో మొదట చెప్పిన కోరికను నడుమ పెంచకూడదన్న గాంధీగారి నియమమును నేను గౌరవింతును. అయినను కూలి ఎంత ఉండవలెనన్న ప్రశ్న అక్కడనే మిగిలిపోయినది.

దానిని తీర్చు త్రోవలు రెండు. ఇయ్యగలవాని ధర్మబుద్ధిని మేల్కొలుపుట ఒకటి, పుచ్చుకొనవలసినవాని బలమును కూడగట్టుట ఒకటి. మన భాషాదేశమున ఈ రెండును ఒకే జిల్లాలో ఎదురెదురుగా నిలిచినవి. నైజాము రాజ్యములోని తెలంగాణము మన పూర్వులు వచ్చిన సీమ కాదు; కాని అక్కడి వెట్టిచాకిరి మన లైను గదుల బ్రదుకునకు దగ్గఱి చుట్టము. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుష్యుల తుపాకికి బలియైన పిదప రైతుకూలీలు ఆయుధములు పట్టి, దొరల భూములు పంచుకొనిరి. వారికి మార్గము చూపినది మార్క్స్ సిద్ధాంతము. ఆ పోరు ఇంకను చల్లారకముందే, 1951 ఏప్రిలు 18న నల్లగొండ జిల్లా పోచంపల్లికి వినోబాభావే కాలినడకను వచ్చెను. అక్కడి దళితులు మాకు 80 ఎకరములు కావలెననిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తుననిరి. భూదానము అట్లు పుట్టినది. దాని వెనుకనున్న సర్వోదయమను పేరు, రస్కిన్ పుస్తకమునకు గాంధీగారు 1908లో గుజరాతీలో వ్రాసిన సారాంశమునకు పెట్టిన పేరే. అనగా డర్బను రైలులో చదివిన పుస్తకము తిరిగి తిరిగి నల్లగొండ చేరినది.

భూదానములో దేశమంతట 40 లక్షలకు మించిన ఎకరములు వాగ్దానమైనను, వానిలో చాల భాగము బంజరులు, రాళ్లు, వ్యాజ్యములు. పేదల చేతికి చేరినది తక్కువ. సాయుధపోరులో పంచుకొన్న భూములు అనేకము సైన్యము రాగానే మరల దొరల వశమయ్యెను. ఎవరి త్రోవ మేలన్న వాదము నేటికిని తీరలేదు. నా మట్టుకు నాకు, దానమను మాటయే ఇబ్బంది పెట్టును. ఇయ్యవలసినది ఇచ్చి దానికి దానమని పేరు పెట్టిన, పుచ్చుకొన్నవాడు తల వంచవలసివచ్చును. పోచంపల్లిలో నాకు నచ్చినది దాత లేచి నిలుచుట కాదు; అంతకుముందు ఆ దళితులు తమకు ఎన్ని ఎకరములు కావలెనో లెక్కకట్టి నోరువిప్పి చెప్పుట.

ఇక కడపటివాడు ఎవరు? ఇది మన సభలలో అడుగుట మఱింత కష్టము. మనము పన్ను కట్టకముందే ఈ నేటాలులో జూలూవారు పన్ను కట్టుచుండిరి. 1849 మొదలు గుడిసెకు 7 షిల్లింగులు. తరువాత అది 14 అయ్యెను. పశువులతోను నేలతోను స్వయముగా బ్రదుకువానిని కూలికి తోలుటయే దాని పనియు. వారు తోటలకు చాలినంతగా రానందుననే మనలను ఓడలలో తెచ్చిరి. 1905లో తలకు 1 పౌను పన్ను వేయగా 1906లో బంబత నాయకుడు తిరుగబడెను. గాంధీగారు అప్పుడు ప్రభుత్వపు పక్షమున డోలీలు మోయు దళమును నడిపిరి. గాయపడిన జూలూవారికి తెల్లవారు చేయని ఉపచారము ఆ దళము చేసెనన్నది నిజము. ఆ కాలమున మనవారు వ్రాసిన అర్జీలలో మమ్ములను ఆఫ్రికనులతో జతచేయవలదని కోరుటయు నిజమే. కడపటివాని పేరుతో వచ్చిన పుస్తకమును చదివినవారికిని, ప్రక్క కొండమీద నున్న కడపటివాడు కొంతకాలము కనబడలేదు.

దాని ఫలము మనమును అనుభవించితిమి, వారును అనుభవించిరి. 1949 జనవరిలో డర్బనులో 140 మందికి పైగా మరణించిరి. 1985 ఆగస్టులో ఫీనిక్సు ఆశ్రమము తగులబడెను. 2000లో దానిని పునరుద్ధరించిరి. 2021 జూలైలో ఆ పేరే గల పేటలో 30 మందికి పైగా చంపబడిరి; వారిలో అత్యధికులు ఆఫ్రికనులు. ఇంతకంటె దీనిని విస్తరింపను. మన ఇండ్లలో ఆ వారము ఎవరేమి మాటాడిరో ఎవరికి వారికే తెలియును.

వెలుగు కనబడిన దినములును కలవు. 1973 జనవరిలో డర్బనులోని యొక ఇటుకల కర్మాగారములో 2,000 మంది ఆఫ్రికను కూలివారు ఒక తెల్లవారుజామున పనికి పోక మైదానములో గుమిగూడిరి. వారి కనీస కూలి వారమునకు 9 రాండులకును కొంచెము తక్కువ. వారు 30 కోరిరి. కొన్ని వారములలో సమ్మె వస్త్రపు మిల్లులకును ఇతర కర్మాగారములకును పాకెను, మిల్లులలో మన జాతివారును ఆఫ్రికనులతో కలిసి బయటికి వచ్చిరి. దీని వెనుకను ఒక శాస్త్రము ఉండెను, కాని అది గ్రంథాలయములో కూర్చుండలేదు. విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందఱు కూలి సంఘములను స్థాపించి, ఒక సంసారము బ్రదుకుటకు బియ్యము, బొగ్గు, బస్సు, అద్దె వీనికి ఎంత కావలయునో లెక్కకట్టి ఆ అంకెను కూలివారి చేతికిచ్చిరి. వారికి ఆచార్యుడైన రిక్ టర్నరు 1972లో సూదిబెజ్జము పేరుగల పుస్తకమున, ఇప్పుడున్న ఏర్పాటు తప్ప వేఱు గతి లేదను నమ్మకమే మొదటి సంకెల యని వాదించెను. 1973లో ప్రభుత్వము ఆయనపై నిషేధము విధించెను. 1978 జనవరిలో ఆయన ఇంటిలోనే ఎవరో కాల్చిచంపిరి. బ్రదుకుటకు ఎంత కావలయునన్న ఆ లెక్కయే చాల తిరుగుళ్లు తిరిగి, 2019 జనవరి 1న గంటకు 20 రాండుల జాతీయ కనిష్ఠ వేతనముగా చట్టమయ్యెను. కాని ఆ చట్టములోను ఇండ్లలో పనిచేయువారికి 15 మాత్రమే. వారిని మిగిలినవారితో సమానము చేయుటకు 2022 వఱకు పట్టెను. కడపటివాని వరుస ఎప్పుడును కడపటనే వచ్చును.

ఆ పెద్దాయన మాటకు బదులు ఇప్పుడు దొరికినది. ఆమె ఒప్పుకొన్నది గదా యనునది సగము మాట. జోన్ రాబిన్‌సన్ అను కేంబ్రిడ్జి పండితురాలు 1933లోనే చూపినట్లు, కొనువాడు ఒక్కడై, అమ్మువాడు వేఱు చోటికి పోలేనపుడు, కూలి ఆ పని విలువకంటె తక్కువలోనే నిలుచును. అక్కడ కూలి పెంచినను పని పోనక్కఱలేదు. నల్లబల్లమీది రెండు గీతలకు ఆధారము, వద్దని చెప్పి పోగల స్వేచ్ఛ. మా ముత్తాతకు చీటి లేనిదే తోట దాటు స్వేచ్ఛ లేదు. ఈ దేశమున ఇటీవలి సంవత్సరములలో నిరుద్యోగము నూటికి 30ని మించియున్నది. గేటు బయట పదిమంది నిలిచియుండుట ఆమె ఒప్పుదలకు సాక్ష్యము కాదు, ఆమెకు వేఱు గతి లేదనుటకు సాక్ష్యము. ఎక్కువ ఇచ్చిన సంఘపు నిధి తరిగిపోవునని కోశాధికారి చెప్పవచ్చును. అది న్యాయమైన భయమే. గత ఉత్సవమున పూలకును మైకులకును పెట్టిన ఖర్చు అదే లెక్కల పుస్తకములో రెండు పుటల ముందు కలదు.

ఈ సంగతిని రాబోవు సమావేశమున చర్చకు పెట్టుమని కార్యదర్శిగారికి జాబు వ్రాయ కూర్చుంటిని. ఆమె పేరు వ్రాయవలసినచోట కలము నిలిచిపోయెను. ఇన్ని సంవత్సరములుగా మేమందఱమును ఆమెను ఒక ఇంగ్లీషు ముద్దుపేరుతోనే పిలుచుచుంటిమి. ఓడ పట్టికలలో మన పూర్వుల పేర్లను దొరల గుమాస్తాలు నోటికి వచ్చినట్లు వ్రాసికొని, ప్రక్కన ఒక అంకె వేసిరని ప్రతి సంవత్సరము పిల్లలకు కోపముతో చెప్పుదును.

మఱునాడు పోయి అడిగితిని. ఆమె చేతులు తుడుచుకొని పూర్తి పేరు, ఇంటిపేరు చెప్పెను. తెలుగు లిపిలో వ్రాసికొంటిని. ఆ మొదటి హల్లునకు మన లిపిలో అక్షరము లేదు. రెండు మార్లు తప్పు పలికితిని. రెండు మార్లును ఆమె దిద్దెను.